ఏడో బావి సీసా

మద్రాసులోని మైలాపూరు ఆఫీసులో నా పని చమురు క్షేత్రాల చరిత్ర రాయడం. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ కాదు. ఏ బావిలో చమురు ఎప్పుడు పడింది, ఎంత వచ్చింది, ఎప్పుడు తగ్గింది. కావేరి డెల్టా పొలాల మధ్య ఉన్న ఒక పాత క్షేత్రం నా వంతుకు వచ్చింది. బావి ముసలిదయ్యేకొద్దీ చమురు తగ్గి నీళ్లు ఎక్కువవుతాయి. మరీ ఎక్కువైతే సిమెంటు పోసి మూసేస్తారు.

అక్కడ బావులన్నిటి చమురూ ఒకే ట్యాంకులో పడుతుంది. మొత్తాన్ని కొలుస్తాం, ఏ బావికా బావి కొలవం. వారానికోసారి ఒక్కో బావి నుంచి ఒక సీసా పట్టి, చమురెంతో నీళ్లెంతో మద్రాసు పక్కనున్న మనలి ల్యాబులో చూసి, ఆ ప్రకారం మొత్తాన్ని బావులకు పంచి రాస్తాం. ఒక విస్తట్లో ఎక్కువ వడ్డిస్తే ఇంకో విస్తట్లో తగ్గుతుంది.

సీసాలు పట్టి మనలికి తెచ్చేది ఒక పెద్దాయన. తాతల నాడే మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నేను రాజమండ్రి మనిషిని, ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని. ఏడో బావిలో చమురు పడ్డ రోజు ఆయన అక్కడే ఉన్నారట. ఆ తొలి చమురు చిన్న సీసాలో పట్టి దేవుడి పటాల దగ్గర పెట్టుకున్నారు. ఆ బావి గురించి సొంత కూతురి సంగతి చెప్పినట్టు చెప్పేవారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని నవ్వుకునేదాన్ని.

కాగితాల మీద ఏడో బావి ఎప్పుడూ బాగానే ఉండేది. పక్కనున్న తొమ్మిదో బావి చిక్కిపోతూ వచ్చింది. మూడేళ్లు చూసి, తొమ్మిదిని మూసేయవచ్చని నోట్ రాశాను. మూసేశారు. ఆ నెల ట్యాంకులో చమురు మేం అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా తగ్గిపోయింది.

మొదటిసారి క్షేత్రానికి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. మిగతా సీసాలు పట్టగానే మూత పెట్టారు. ఏడోది మాత్రం గట్టు మీద పెట్టి, నీళ్లు అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన చమురును ల్యాబుకిచ్చే వేరే సీసాలోకి వంచారు. నా ఎదుటే, ఏమీ దాచకుండా.

ఎందుకలా అని అడిగాను.

"నీళ్లు కనపడితే మూసేస్తారు గదమ్మా. ఈడి ఆయిలు ఈడనే ఉండాది. నేనేమన్నా దొంగతనం చేసినానా?"

నాకు ఒళ్లు మండింది. ఏడుకు ఎక్కువ రాసిందంతా తొమ్మిది వాటాలోంచే పోయిందని, బాగున్న బావిని పూడ్చేశామని చెప్పాను.

"తొమ్మిదిలో ఆయిలు పడిన రోజు గూడా నేను ఆడనే ఉంటిని," అన్నారు.

తొమ్మిదిని మళ్లీ తవ్వితే వచ్చే చమురు ఖర్చుకు కూడా చాలదని ఆఫీసువాళ్లు తేల్చారు. తర్వాత ఏడునూ మూసేశారు. ఆ ఏటి చరిత్రలో తొమ్మిదికి ఎదురుగా నిజం రాయమని, తన పేరు పెట్టమని ఆయన ఫోన్ చేసి అడిగారు. మా చరిత్రలో పేర్లుండవు. 'నమూనా పట్టడంలో లోపం' అని రాశాను. మూడేళ్లపాటు ఒక్కసారైనా వెళ్లి చూడకుండా మూయమని రాసింది నేను. సీసాలు పట్టేది ఆయనే కాబట్టి, చదివినవాళ్లంతా తప్పు పెద్దాయనదే అనుకున్నారు. నేను కాదనలేదు.