పన్ను రాలగొట్టిన ఈ-మెయిల్

మొన్న మా అమ్మాయి కొత్తగా ఈ-మెయిల్ ఖాతా తెరుచుకుంటూ పాస్‌వర్డ్ కొట్టబోతుంటే నేను చటుక్కున గోడవైపు తిరిగాను. అది పకపకా నవ్వింది గానీ, నా నాలుక మాత్రం తనంతట తానే పెట్టుడు పన్ను మీదికి పోయింది.

తెలంగాణ రాకముందు, చిక్కడపల్లిలో ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసుకు నేను వెబ్‌సైట్ రాశాను. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అని వెబ్‌సైట్లు రాసే సరంజామా ఒకటి, అందులో మెయిల్ పంపే ఏర్పాటు తయారుగా ఉండేది, నాలుగు వరుసలు రాస్తే చాలు, ఉత్తరం దానంతటదే వెళ్ళిపోయేది. అది చూసి మురిసిపోయిన మా యజమాని పెద్దాయన, సైట్లో ఎవరు ఏది నొక్కినా వాళ్ళింటికి మెయిల్ పోవాల్సిందేనన్నాడు. అయితే ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఇంటికంతా కలిపి ఒకటే మెయిల్, అదీ పెద్దకొడుకు చేతిలో. అశోక్‌నగర్ అమ్మాయి ఒకామె నారాయణగూడలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, వేరే కులం అబ్బాయి ఫొటో కింద ‘నచ్చాడు’ అని నొక్కింది. ఆ కబురు క్షణంలో ఆమె అన్నకు చేరింది.

మధ్యాహ్నానికల్లా అతను ఇద్దరు స్నేహితులతో, క్రికెట్ బ్యాటుతో మెట్లెక్కి వచ్చాడు. మెయిల్లో అబ్బాయి కులమూ ప్రొఫైల్ నంబరూ తప్ప పేరూ ఊరూ లేవు. "వాని అడ్రస్ చెప్తవా, చస్తవా?" అని నా కాలరు పట్టుకున్నాడు. దోమలగూడలో ఆ అబ్బాయి ఇల్లెక్కడో నా ముందున్న తెరమీదే కనబడుతోంది. చెబితే ఆ అబ్బాయి ప్రాణాలతో మిగలడనిపించి ప్లగ్గు పీకేశాను. బ్యాటు నా మూతిమీద పడింది, నోరంతా రక్తం, పన్ను బల్లమీద. అడ్డొచ్చిన పెద్దాయన మణికట్టు విరగ్గొట్టారు, తెర పగలగొట్టారు, కుర్చీలు వీధిలోకి విసిరారు, అబ్బాయి అందులోనే దాక్కున్నాడన్నట్టు కంప్యూటర్ డబ్బాను ఆటోలో వేసుకుపోయారు. వివరాలన్నీ ఎక్కడో సర్వర్లో ఉంటాయని ఆ మహానుభావులకు తెలియదు.

పెద్దాయన చేతికట్టుతోనే కొత్త కంప్యూటర్ పెట్టించిన రోజున ఆ అమ్మాయే వచ్చింది. పెదవి చిట్లి ఉంది, మెడమీద వేళ్ళ అచ్చులు చున్నీ కప్పుకున్నా దాగడంలేదు.

"అన్నా, ఇగ నా మెయిల్ నాకే రావాలె," అంది.

మెయిల్ చిరునామా మారిస్తే పాత చిరునామాకు, అంటే ఆమె అన్నకే, ఆ కబురు పంపే వరుస ఒకటి కోడ్‌లో ఉంది. ముందు దాన్ని చెరిపేశాను. తర్వాత ఆమె పేరున ఖాతా తెరిపించి, పాస్‌వర్డ్ కొడుతుంటే గోడవైపు తిరిగాను.

ఆ ఏడాదే ఆ కొత్త చిరునామా నుంచి మెయిల్ వచ్చింది, ఆ అబ్బాయినే పెళ్ళి చేసుకున్నానని, వేరే ఊళ్ళో క్షేమంగా ఉన్నామని, చివర్న "నీ పన్ను ఎట్లున్నది అన్నా" అని.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి మెయిల్ వాళ్ళది, సంతోషమే. రోజూ నాకు వచ్చిపడే మెయిళ్ళకు లెక్కలేదు, అన్నీ నాలాంటివాడెవడో రాసిన నాలుగు వరుసలు పంపినవే. నా పన్ను సంగతి అడిగేది ఒక్కటీ లేదు.