పట్నపోళ్ళ సారె

ఆ రోజుల్లో మా ఊళ్ళో బహుమతి అంటే స్టీలు గిన్నె. పెళ్ళికైనా స్టీలు గిన్నే, పిల్ల పెద్దమనిషైనా స్టీలు గిన్నే, కొత్త ఇంట్లో పాలు పొంగించినా స్టీలు గిన్నే. దాని అంచు మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించాలి, లేకపోతే ఇచ్చినట్టు కాదు. ఇప్పటికీ మా వంటింటి అరలో సగం ఊరి పేర్లున్నాయి; పప్పు ఎవరి పేరులో ఉడుకుతోందో, చారు ఎవరి పేరులో కాగుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇప్పుడు పట్నాల్లో అలా కాదు. బహుమతికి ఒక పెట్టె, పెట్టెకి రిబ్బను, లోపల రంగుకాగితాల తురుము, తురుము కింద అసలు వస్తువు. దాన్ని చేసిన ఆడవాళ్ళ ఫోటో కూడా ఒక అట్టముక్క మీద వేసి పెడతారు, కొన్నవాళ్ళకి సోకుకి సోకు, పుణ్యానికి పుణ్యం. ఇదంతా నాకు బాగా తెలుసు, అలాంటి పెట్టెలు అల్లి అల్లి నా వేళ్ళు ఈ వంకర తిరిగాయి. కాని మొట్టమొదటి పెట్టె మా ఊరు వచ్చినప్పుడు దానికి నేను చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. (ఇది రాస్తున్న నా కూతురు అప్పుడే నవ్వుతోంది. ఇంకా ఏమీ చెప్పలేదే, రాయి.)

అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. మా ఆయన బతికే ఉన్నాడు, మా అత్త గొంతు కూడా బతికే ఉంది. కళింగపట్నం పోయే రోడ్డు పక్కన ముప్పై రెండు గడపల ఊరు మాది. ఆడవాళ్ళం జీడి పిక్కలు కొట్టే పనికి పోయేవాళ్ళం. జీడి జిగురు అంటితే చర్మం కాలిపోయి వేళ్ళు నల్లబడేవి. ఆ చేత్తో పిల్లల మొహం నిమరాలన్నా భయమే. అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి ఒక కళ్ళజోడు మేడం వచ్చింది. పల్లెల్లో ఆడవాళ్ళు చేసిన వస్తువులు పట్నంలో పండగలకి బహుమతులుగా అమ్మి, వచ్చినది చేసినవాళ్ళకే ఇస్తుందట. మా తాటాకు బుట్టలు చూసి ముచ్చటపడి, "మీలో చదువుకున్నవాళ్ళు ఎవరమ్మా? వాళ్ళని లీడరుగా పెడదాం, నేను రాసి పంపినవి మిగతావాళ్ళకి చదివి చెప్పాలి" అంది. అందరూ తల వంచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. నేను రెండో తరగతి సగం దాకా వెళ్ళినదాన్ని, ఆ సగంలో కూడా సగం మేకల వెనకాల పోయింది. అయినా లేచాను. నా పద్ధతి నాకుంది: మొదటి అక్షరం చూడ్డం, మిగతాది బుర్రతో పూరించుకోవడం. బస్సు బోర్డులకి అది ఏనాడూ తప్పలేదు. 'శ్రీ' అని ఉంటే శ్రీకాకుళం కాక ఇంకెక్కడికి పోతుంది?

"ఈసారి మా అమ్మాయి పెళ్ళి పనుల్లో ఉన్నాను. అది అయ్యాక ఒక పెట్టె పంపుతాను. అందులో సంగతి మీకే అర్థమవుతుంది" అని చెప్పి మేడం వెళ్ళిపోయింది.

నెల తిరిగాక బస్సులో అట్టపెట్టె దిగింది. టీ కొట్టు దగ్గర్నుంచి మా ఆయన నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఊరి ఆడవాళ్ళంతా మా వాకిట్లో చేరారు. పెట్టె మీద నల్ల సిరాతో రెండు మాటలు రాసి ఉన్నాయి. రెండో మాటకి ఒత్తులు ఎక్కువ, దాని జోలికి నేను పోలేదు.

"ఏటి రాసున్నాదే, సదువులమ్మా?" అంది మా అత్త. నేను లీడరునయ్యాక ఆవిడ నన్ను పిలిచే పేరు అది.

మొదటి అక్షరం చూశాను. శా. దానికి నా బళ్ళో లేని ఒంపులున్నాయి, అయినా పలికితే ఒకటే కదా. మా నాలుక మీద శ, ష, స మూడూ ఒకే మంచం మీద పడుకుంటాయి.

"సారె" అన్నాను.

"సా ఇలాగుంటాదేటి? మా మనవడి పలక మీద వేరేగున్నాది."

"అది పల్లెటూరోళ్ళ సా అత్తా. ఇది పట్నపోళ్ళ సా."

ఎవరూ కాదనలేదు. ఎలా కాదంటారు? మేడం కూతురి పెళ్ళయింది. ఆడపిల్లని అత్తవారింటికి పంపితే సారె పంపకాలు ఉంటాయి. మేడం వచ్చిన రోజు మమ్మల్ని అక్కచెల్లెళ్ళు అంది, అక్కచెల్లెళ్ళకి సారె పంపింది. అంతా గోడ కట్టినట్టు సరిపోయింది. పెట్టె విప్పాం. గాజు గ్లాసులో పోసిన కొవ్వొత్తి, గులాబి రంగు సబ్బు, వల సంచిలో ఎండుపూలు, బొటనవేలంత ఇత్తడి గంట, వాటన్నిటి కింద ఇటుకంత మందం పుస్తకం. దాన్నిండా ఇళ్ళ బొమ్మలు. గదులు, కుర్చీలు, దీపాలు, కిటికీ పరదాలు. ఒక్క మనిషి లేడు.

"ఇంతింత ఇల్లు కట్టి ఎక్కడికి ఎల్లిపోనారే ఈలంతా?" అంది ఎండుచేపల పిన్ని. (కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి మా ఊళ్ళో అమ్మేది.)

"సారెలో పుస్తకం ఏటే? లడ్డూలు లేవేటి?" అంది మా అత్త.

"పట్నంలో ఇప్పుడు లడ్డూలు తినరత్తా, సుగరు. పుస్తకాలే సదువుతారు."

ఇక పంపకం. సారె ఒకింటికి ఇచ్చి ఒకింటికి ఇవ్వకపోతే అది సారె కాదు, తగువు. సబ్బుని దారంతో ముప్పై రెండు ముక్కలు కోశాం, ఒక్కోటి కర్పూరం బిళ్ళంత వచ్చింది. గంట కొయ్యలేం కాబట్టి రామమందిరంలో కట్టేశాం. కొవ్వొత్తి అక్కడే వెలిగిస్తే రాములవారి దగ్గర సంపెంగ వాసన గుప్పుమంది. ఎండుపూల సంచిలో దాల్చినచెక్క, లవంగాలు కనబడ్డాయని మా అత్త తీసుకెళ్ళి కోడికూరలో వేసింది. ఆ కూర అగరుబత్తీ నమిలినట్టుంది. మా ఆయన మాత్రం రెండోసారి వేయించుకున్నాడు. ఆ మనిషికి ముక్కు అలంకారానికే ఉందని నాకు ఆ పూటే తెలిసింది. పుస్తకం నేనే పంచాను. కుట్టు విప్పి, ఇంటికి ఇన్నని కాగితాలు లెక్కగా ఇచ్చాను, తగువు రాకుండా. లీడరుని కాబట్టి అట్ట నేను ఉంచుకున్నాను. పొయ్యి విసరడానికి అంత మంచి అట్ట మళ్ళీ దొరకలేదు.

మూడో రోజు మేడం ఫోను చేసింది.

"ఏమ్మా, శాంపిల్ అందిందా?"

"ఏటి మేడం?"

"శాంపిల్. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశాను కదా, శాంపిల్, జాగ్రత్త అని."

నా కాళ్ళ కింద వాకిలి కదిలింది. ఆ రెండు మాటలూ ఒత్తులతో సహా కళ్ళ ముందు లేచి నిలబడ్డాయి.

"అందింది మేడం" అన్నాను. "అందరికీ అందింది."

"అందరికీ అంటే?"

"అందరూ సూసారు."

"మంచిది. ఆ వస్తువులన్నీ పట్టేలా తాటాకుతో ఒక పెట్టె అల్లి ఉంచండి. పుస్తకం కొలత ముఖ్యం, లోపల కదలకూడదు, బిగుసుకోకూడదు. ఆదివారం వస్తాను. బాగుంటే ఈ ఏడు పండగల ఆర్డరంతా మీదే. లేకపోతే వేరే ఊరు చూసుకోవాలి. ఆ పుస్తకం మాత్రం భద్రం, నా దగ్గర ఒక్కటే ఉంది, ఫోటోలకి కావాలి."

ఫోను పెట్టేసి నా చేతులు చూసుకున్నాను. మేడం మాట నమ్ముకుని ఆ నెల జీడి పనికి పోలేదేమో, వేళ్ళ చివర్లు కొత్త తోలు వేసుకుంటున్నాయి. ఊళ్ళో పన్నెండు మంది ఆడవాళ్ళ వేళ్ళూ అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరంతో వాళ్ళందర్నీ మళ్ళీ ఆ జిగురులోకి తోసేశాను.

ఇంటింటికీ తిరిగాను. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. "పంచిన సారె ఎనక్కి అడుగుతావేటే?" అంది ఎండుచేపల పిన్ని. "ఆ మేడం కూతురి కాపరం ఏటవ్వాలి? నా సేత్తో నానివ్వను." వాళ్ళు మంచివాళ్ళవడమే నా చావుకొచ్చింది. చివరికి "ఎనక్కి కాదు పిన్నీ, ఒక్కసారి సూసుకుని ఇచ్చెస్తాను" అని బతిమాలితే, బొమ్మిడాయిల మూట విప్పి కాగితాలు చేతిలో పెట్టింది. ఆ కాగితాల్లో పాలరాతి స్నానాలగది ఉంది. వాసన మాత్రం కళింగపట్నం రేవుది. ఒకరు అటక మీద డబ్బాల కింద పరిచారు, ఒకరు పసుపు పొట్లం కట్టారు. ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసే సైకిలు మావ ఒక పెద్ద గది బొమ్మని గంజితో గోడకి అంటించి, దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చునున్నాడు.

"మావా, ఆ కాగితం కావాలి."

"ఏ కాగితం? అది నా సావిడి. నువ్వొచ్చి గుమ్మంలో నిల్సున్నావు, లోపలికి రా, కూకో."

ఆ గది అక్కడే వదిలేశాను. పీక్కుంటే గోడ కూడా వచ్చేలా ఉంది.

దొరికిన కాగితాలన్నీ పేర్చి, గోనె సూదితో కుట్టాను. పేజీల అంకెలు చూసి పెట్టానని అందరికీ చెప్పాను. (చూడలేదు.) పెట్టె కొలతకి కాగితం పొడుగూ వెడల్పూ చెప్పింది, మందం ఎంతో మాత్రం పొయ్యి దగ్గరున్న అట్ట వీపే చెప్పింది. ఆ వీపుకి ఈనె ఆనించి కొలిచి, పైన మిగతా వస్తువులకి కంటి లెక్కన చోటు వదిలి, మూడు రోజులు అందరం కూర్చుని అల్లాం. దేవుడి మీద ఒట్టు, అంతకన్నా నున్నటి పెట్టె నా జన్మలో అల్లలేదు.

ఆదివారం మేడం వచ్చింది. పెట్టె చూసి మొహం విప్పారింది. పుస్తకం చూసి ముడుచుకుంది. నా కుట్టుకి అది పూరీలా ఉబ్బి ఉంది. పెట్టెలో పెట్టబోతే పట్టలేదు. మేడం ఒక పేజీ తిప్పింది, పసుపు రాలింది. ఇంకో పేజీ తిప్పి ముక్కు మూసుకుంది.

"ఏమైంది దీనికి?"

నేను నోరు తెరిచేలోగా మా అత్త ముందుకొచ్చింది. "నానే పంచమన్నానమ్మా. కోడలు సదివి సెప్పింది, సాంపిలు అని. నానే ఇనిపించుకోలేదు. ముసిల్దాన్ని, సెవుడు."

ఆవిడకి చీమ నడిచినా వినబడుతుందని ఊరంతా ఎరుగును. పొద్దున్నే "ఇంకో అచ్చరం సదివితే నీ సొమ్మేటి పోను" అని నన్ను తిట్టిన నోరు అది. అబద్ధం ఆడితే ఆడాను గాని, ముసలిదాని వెనకాల దాక్కునే రకం కాదు నేను.

"అత్తకి సెవుడు లేదు మేడం. నాకే సదువు లేదు. మొదటి అచ్చరం సూసి సారె అనీసాను. మీ అమ్మాయి పెళ్ళి సారె అనుకుని ముప్పై రెండు గడపలకీ పంచీసాను. తప్పు నాది, పెట్టె మాత్రం ఈలందరిదీ. దాన్ని సూసి సెప్పండి."

మేడం నేల మీదే కూర్చుని, కత్తెర అడిగి, నా కుట్టంతా తెంపేసింది. కాగితాలు ఒక్కొక్కటే సాపు చేసి, అట్టలో పేర్చి, పెట్టెలోకి జార్చింది. కదల్లేదు, బిగుసుకోలేదు. మా ఆయన వెనక నుంచి "కొలత కొలతే" అన్నాడు, అడక్కుండానే.

మేడం సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. "ఇది ఆర్డరు. చదువు. అందరికీ వినబడేలా. మొదటి అక్షరం కాదు, అన్నీ. చదివేదాకా నేను ఇక్కడే ఉంటాను."

నాలుగే వరుసలు. నాలుగు కోసుల దూరం నడిచినట్టుంది. తా, టా, కు. చెమటలు కారాయి. ఒక ఒత్తు దగ్గర ఆగిపోతే ఎవరో కిసుక్కుమన్నారు. "నోర్మూసుకోండర్రా, సదువుతంది" అంది మా అత్త. తాటాకు పెట్టెలు రెండు వందలు అన్న దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త లేచింది. తర్వాత మాట న, మూ, నా. బుర్రతో పూరించబోయి ఆగాను. మళ్ళీ చదివాను. మూడక్షరాలూ ఉన్నాయి, ఒత్తు లేదు, అయినా ఏమిటో తెలియలేదు.

"నమూనా అంటే ఏటి మేడం?"

మేడం కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుంటూ, "శాంపిల్" అంది.

ముందు నవ్వింది మా అత్తే. తర్వాత మొత్తం వాకిలి నవ్వింది. మేడం నవ్వు ఆపుకోలేక గోడకి జారబడింది. ఆర్డరు మాకే ఇచ్చింది. దాంతోపాటు ఒక పలక కూడా పంపింది, దాన్ని ఎవరికీ పంచలేదు నేను.

మా ఆయన పోయాడు, అత్త పోయింది. ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా కళ్ళజోడు పెట్టుకుని చివరి ఒత్తు దాకా రెండుసార్లు చదువుతాను, తప్పు రానివ్వను. లీడరునంటే లీడరునే. కాని ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ వాకిట్లో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిన ఆ పిల్ల, అప్పటి నేను, ఎదురైతే తిట్టను. నా పెట్టె దాని ముందు పెట్టి, "ఏటి రాసున్నాదే?" అని అడుగుతాను. ఏం చెబుతుందో వినాలని ఉంది.