కిటికీల ఆండాళు

ఆండాళు ఎవరింటికి వెళ్లినా కూర్చోదు, మంచినీళ్లు అడగదు, బాగున్నారా అనదు. తిన్నగా వెళ్లి కిటికీ తెరుస్తుంది. ఆ తర్వాతే పలకరింపు. ఆలేరు అంచున ఉన్న డబుల్ బెడ్రూం ఇండ్ల కాలనీలో ఆమె చెయ్యి పడని కిటికీ గడియ లేదు. ‘కిటికీల ఆండాళు’ అంటే పాలప్యాకెట్లు వేసేవాడికి కూడా తెలుసు.

ఆ పిచ్చికి ఒక కారణం చెబుతారు. ఈ ఇల్లు రాకముందు ఆమె, భర్త రాజం ఏళ్ల తరబడి ఒకే కిరాయి గదిలో కాపురం చేశారు. దానికి కిటికీ లేదు. ఉక్కపోసినప్పుడల్లా ఆండాళు గోడమీది క్యాలెండరులో మంచుకొండల బొమ్మ ముందు నిలబడి కొంగుతో విసురుకునేదట. కొత్తింటి తాళాలు వచ్చిన రోజు ఆమె పొయ్యిమీద పాలు పెట్టి, కిటికీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడిందని రాజం కేక వేసేదాకా అదే పని.

ఒకసారి ఏసీ బస్సెక్కి అద్దాన్ని రెండు చేతులా నెట్టడం మొదలుపెట్టింది.

“అమ్మా, అది రాదు. ఏసీ బస్సు,” అన్నాడు కండక్టరు.

“గాలి రాని బస్సుకు టికెట్టు ఎక్కువెందుకు తీసుకున్నవయ్యా?”

కింది అంతస్తులో ఉండే భిక్షపతి కూతురు శైలజ పెళ్లిచూపులైతే కాలనీ ఇంకా మరచిపోలేదు. “మా పిల్లగానికి ఏ అలవాటూ లేదు. ఫోనొస్తే బయటికి పోయిండు,” అని పెళ్లికొడుకు తండ్రి అంటుండగానే, “గింత ఉబ్బరంల ఏం మాట్లాడుతరు?” అంటూ ఆండాళు కిటికీ తెరిచింది. ముందు సిగరెట్టు పొగ లోపలికి వచ్చింది. ఆ వెనకాలే పెళ్లికొడుకు ముఖం కనిపించింది. శైలజ పకపకా నవ్వడంతో సంబంధం కుదిరింది గానీ, ఆ అల్లుడు ఇప్పటికీ అత్తగారింట్లో కిటికీకి ఆమడ దూరంలో కూర్చుంటాడు.

రెండో అంతస్తులో ఆండాళుకు ఎదురిల్లు రోజారమణిది. ఎవరినీ ఏమీ అనలేని మనిషి. ఆమె భర్త మురళీమోహన్ మాత్రం ఆండాళుకు సరైన ఉజ్జీ. అతనిది నేతపని. పాత కిరాయింట్లో గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేసేవాడు. ఆ చెమ్మకు పట్టుపోగు తెగకుండా సాగేది.

“ఈడ కూడ గుంత తవ్వుకోరాదు?” అన్నాడు రాజం.

“తవ్వితే నా కాళ్లు కిందింటోళ్ల వంటింట్ల వేలాడుతయి మామా!”

ఇల్లు గీసినవాళ్లు మనుషులకు రెండు పడకగదులు అనుకున్నారు. మగ్గం కూడా ఇంట్లో ఒక మనిషేనని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. మురళి గుంట అక్కర్లేని స్టాండు మగ్గం తెచ్చి ఒక గదిలో బిగించాడు. చెమ్మ కోసం చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీశాడు. పొడిగాలి తగిలితే పోగు తెగుతుందని ఇంట్లో కిటికీలన్నీ మూసేశాడు. కొన్నాళ్లకు గోడలకు నల్లగా బూజు పట్టింది. ఐదేళ్ల ప్రియాంక ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆండాళు కరివేపాకు కోసమని వచ్చి కిటికీ తెరిచేది. మురళి మగ్గం దిగి వచ్చి మూసేవాడు. ఆమె ఉప్పు కోసమని వచ్చి తెరిచేది. అతను మళ్లీ మూసేవాడు. మధ్యలో రోజారమణి కరివేపాకు రెబ్బ పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడేది.

“పోగు తెగుతది అత్తా!”

“తెగితే అతుకుతవ్. పిల్ల దమ్ముకు ముడి ఎట్లేస్తవురా?”

“మగ్గం ఆగితే ఏం తినాలె? గంత పిచ్చుంటే మీ ఇంట్ల తెరుసుకో. మా ఇంటికి రాకు!”

ఆండాళు తెరిచిన కిటికీని తన చేత్తోనే మూసి వెళ్లిపోయింది. కేకలేసి ఉంటే బాగుండుననిపించింది రోజారమణికి.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ మందు రాసి, “ఇంట్లో చెమ్మ ఉందా? కిటికీలు తీస్తున్నారా?” అని అడిగింది. రోజారమణి మొగుణ్ని చూసింది. మురళి పైనున్న ఫ్యానును చూశాడు.

“ఇల్లు ఆరకపోతే మందొక్కటే ఏం చేస్తుందమ్మా?” అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి మురళి మగ్గం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిటికీ తెరిస్తే నేత సాగదు. తెరవకపోతే పిల్లకు ఊపిరాడదు.

“మళ్ల కిరాయింట్లకు పోదామా?” అన్నాడు చివరికి.

రోజారమణి కొంగు దోపుకుంది. ముందు మొగుడన్న మాటకు ఆండాళత్త కాళ్లో వేళ్లో పట్టుకుందామని బయలుదేరింది. ఎదురింటి ముందుకు రాగానే ఠక్కున ఆగింది. ఆండాళు ఇంటి కిటికీ మూసి ఉంది! రాజం మామకు ఏమన్నా అయిందా? అలిగి ఊరు విడిచిపోయారా? తలుపు దబదబా బాదింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. నెత్తికి గుడ్డ చుట్టుకుని ఆండాళు. చేతిలో నీళ్లు కారుతున్న గోనెపట్టా.

“జల్ది లోపటికి రా. తలుపు మూయి, గాలొస్తాంది!”

రోజారమణికి తను విన్నది నమ్మబుద్ధి కాలేదు. లోపలి గదిలో మంచం లేదు, బీరువా లేదు. రాజం స్టూలెక్కి కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కుతున్నాడు.

“ఏంది అత్తా ఇదంత?”

“మగ్గం ఈడికి తెచ్చుకొమ్మను నీ మొగున్ని. మా ఇద్దరికి రెండు గదులెందుకు? ముంగటి గది చాలు. గీ గది తలుపేసి పెడ్తే చెమ్మ ఇటు రాదు. నువ్వు పో, నీ ఇంట్ల కిటికీలన్ని తీయి.”

“రావద్దన్నడు గదా. కోపం రాలేదా అత్తా?”

“రాకేం?” అన్నాడు రాజం స్టూలు మీంచి. “ఆ కోపంల బీరువా ఒక్కతే జరిపింది బిడ్డా. నన్ను ముట్టనియ్యలే!”

ఆ సాయంత్రమే మురళి పడుగు పోగులు చుట్టి, మగ్గం విప్పి, తలెత్తకుండా ఎదురింటికి మోశాడు. రోజారమణి ఇంట్లో గోడలు ఎండాయి, బూజు గీకి సున్నం వేశారు. మందు వాడుతూ ఉండగానే ప్రియాంక పిల్లికూతలు తగ్గాయి. ఇప్పుడు ఆ పిల్ల మెట్లమీద పరుగులు పెడుతుంటే ఆ చప్పుడుకు కిందివాళ్లే కిటికీలు మూసుకుంటున్నారు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం, చెమటకు తాళలేక మురళి మగ్గం దిగి కిటికీ గడియ మీద చెయ్యి వేశాడు.

“ముట్టకు! పోగు తెగుతది!” ముందుగదిలోంచి ఆండాళు గద్దించింది. “ఉక్కపోస్తే జరసేపు మీ ఇంటికి పోయి పిల్లతోని కూసోని రా కొడుకా. ఆడ గాలి మంచిగొస్తది.”