మేడను మోసే గోడ

కూర్మనాథం నోట అబద్ధం రాదు, ఉదయలక్ష్మి లాడ్జి చరిత్ర చెప్పేటప్పుడు తప్ప. అప్పుడు మాత్రం నిజం రాదు.

పలాస స్టేషను దగ్గరి ఆ లాడ్జి ఇప్పుడు ఫంక్షన్ హాలు. జీడిపప్పు వ్యాపారులు దిగే రోజుల్లో కట్టిన మేడ. టేకు దూలాలు, గుండ్రటి స్తంభాలు, మధ్యలో వాన పడే వాకిలి. వాకిలి మీద రేకులు వేసి పెళ్ళిమండపం చేశారు. కింది గదులు కొట్టేసి భోజనాల హాలు చేశారు. మెట్ల పక్క గది ఒక్కటే మిగిలింది. దాని తలుపు మూసి, ముందు బల్ల వేసుకుని కూర్మనాథం కూర్చుంటాడు. అప్పుడు లాడ్జి మేనేజరు, ఇప్పుడు హాలు మేనేజరు.

అక్కడ పెళ్ళిళ్ళు చేయించే పురోహితుణ్ణి నేను. బట్టలు మార్చుకోవడానికి ఆ గది అడిగాను. లోపల ఒక సన్యాసి సమాధి అయ్యాడనీ, స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదనీ అన్నాడు. స్నానం చేసే వచ్చాను మహాప్రభో అంటే, ఆ సన్యాసికి నా స్నానం చాలదన్నాడు. ఆడపెళ్ళివారు అడిగితే, ఆ గదిలోంచే ఒక వ్యాపారి పెళ్ళాం అలిగి పుట్టింటికి వెళ్ళిపోయిందన్నాడు. ఇంక పెళ్ళికూతుర్ని అక్కడ ఎవరు కూర్చోబెడతారు? వంటవాళ్ళకేమో తాచుపామని చెప్పాడు. ఇంత చరిత్ర రాజుల కోటలకు కూడా ఉండదు.

పైగా ప్రతి పెళ్ళిలోనూ ఉప్పు వెయ్యని బీరకాయ కూర కాస్త పక్కకు తీయించేవాడు. బీపీ అట. ఆ బీపీ మనిషే ఆవకాయ ముద్దలు మింగడం నేను కళ్ళారా చూశాను.

ఈ మాఘమాసం ముహూర్తాలకు ముందు, హాలు యజమాని జయకృష్ణ ఆ గది కూడా కొట్టేసి బఫే పెట్టిద్దామని మా ఇద్దరి ముందే అన్నాడు. కూర్మనాథం ముఖం పాలిపోయింది.

"మేడంతా ఆ గోడ మీదే ఉంది బాబూ. ముట్టుకుంటే మనందరి మీదా పడిపోద్ది" అన్నాడు.

తాపీమేస్త్రీ వచ్చి, తట్టి చూసి, ఇది వట్టి అడ్డుగోడని తేల్చేశాడు. జయకృష్ణకు ఒళ్ళు మండింది. బల్ల పక్కకు లాగి తలుపు తోశాడు.

లోపల మంచం మీద ఎర్రమ్మ అనే ముసలావిడ పడుకుని ఉంది. పూండి పక్క పల్లె మనిషి. చేతికి పట్టీ. ఇంటికో కిడ్నీ రోగి ఉండే ఉద్దానంలో ఆ పట్టీ ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డయాలసిస్ చేయించుకుని, వెనక సందు తలుపులోంచి వచ్చి, రైలెక్కే ఓపిక వచ్చేదాకా అక్కడ ఒరిగింది. అలాంటివాళ్ళు ఇంకా వస్తారు కాబట్టి రెండో మంచం కూడా వేసి ఉంది. మూలన గిన్నెలో బీరకాయ కూర.

ఆవిడ లేవబోయింది. "గది కావాలేటి బాబూ? నానెల్లిపోతాను."

"పడుకో అమ్మా" అన్నాడు జయకృష్ణ. తలుపు మెల్లగా దగ్గరకు వేసి, బల్ల మళ్ళీ దాని ముందుకు లాగాడు. "నాకు సెప్పొచ్చు కదా మావా."

"నువ్వు సరేనంతావు. పెళ్ళోరు ఒప్పుకుంతారేటి? రోగిష్టోళ్ళు పడుకునే సోట శుభకార్యమేటని హాలే మానెత్తారు" అన్నాడు కూర్మనాథం.

ఆ సన్యాసిని మనసులో తిట్టిన తిట్లన్నీ నేను వెనక్కి తీసుకున్నాను.

మొన్న టెక్కలి నుంచి ఒక పెళ్ళికొడుకు తండ్రి హాలు చూడడానికి వచ్చాడు. ఆ గది కూడా కలిపేస్తే బఫేకి బాగుండేదన్నాడు. కూర్మనాథం నోరు తెరిచేలోగా, మేడంతా ఆ గోడ మీదే ఉందని జయకృష్ణ గంభీరంగా చెప్పాడు. పెద్దమనిషికి నమ్మకం చాలక నా వైపు చూశాడు. వేదం చదివినవాణ్ణి, నేను అబద్ధమాడనని ఆయన ధైర్యం.

"లోపల సన్యాసి సమాధి కూడా ఉందండీ" అన్నాను.