వర్జ్యంలో పోయిన వార్డు

మా అన్నయ్య నిలబడిన మునిసిపల్ ఎన్నిక రోజు పొద్దున్నే మా అమ్మ నన్ను పెరటిగదిలోకి పంపి బయట గొళ్ళెం పెట్టింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నేను చేసిన నేరమేమీ లేదు. పన్నెండో ఏట మొగుడు పోయాడు, అంతే. ఆయన మొహం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. శుభమా అని బయల్దేరే మగవాళ్ళకి బోడితలతో నేను ఎదురు రాకూడదు, అదీ సంగతి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటిల్లిపాదీ అనేవారు. ఉంటుంది, ఎందుకుండదు? కానీ ఆ పొద్దున మాత్రం నోరెత్తకుండా వెళ్ళి కూర్చున్నాను. అన్నయ్య గెలవాలని ఆ ఇంట్లో నా అంతగా కోరుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

మాది రాజమహేంద్రవరం, గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల. అన్నయ్య ప్లీడరు. సభల్లో ఆడవాళ్ళ చదువు గురించి మాట్లాడతాడని పేరు. నాకు అక్షరాలు దిద్దబెట్టింది కూడా ఆయనే. అమ్మ సణుగుతున్నా వినకుండా రోజూ కోర్టు నుంచి వచ్చాక ఓ గంట కూర్చోబెట్టి చదివించేవాడు. ఎన్నికలో నిలబడాలనుకున్నప్పుడు మొదట చెప్పింది నాకే.

"గెలిస్తే మన వీధిలో ఆడపిల్లలకి బడి పెట్టిస్తాను. దానికి పంతులమ్మవి నువ్వే" అన్నాడు.

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా నా బతుకంటే మడి వంట, ఒంటిపూట భోజనం, పత్తి గింజలు తీసి వత్తులు చేసుకోవడం. ఆ రోజు నుంచి ఒంటరిగా ఉన్నప్పుడల్లా నా ముందు పిల్లలున్నట్టు గుణింతాలు చెప్పేదాన్ని. ఓసారి మా వదిన చూసి కిసుక్కున నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఊరివాళ్ళు మునిసిపాలిటీకి మనుషుల్ని ఎన్నుకోవడం అప్పటికి కొత్త. ఇంటిపన్ను కట్టే మగవాళ్ళకే ఓటు. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి, అక్కడ కూర్చున్న అధికారి ముందు నిలబడి ఫలానావారు కావాలని నోటితో చెప్పాలి. ఆయన రాసుకుంటాడు. మా వార్డులో అన్నయ్యకి పోటీగా ఓ కలప వర్తకుడు నిలబడ్డాడు. ఆయన మనుషులు ఆయనకున్నారు, మా వీధి మొత్తం మాకుంది. ఓట్లు పొద్దున ఎనిమిది నుంచి పదకొండింటి దాకానేననీ, ఆ తర్వాత ఎవరొచ్చినా పుచ్చుకోరనీ ఓ నోటీసు వచ్చింది. ఇంటింటికీ పంపడానికి దాని నకళ్ళు రాసింది నేనే. వేళ్ళు నొప్పెట్టేదాకా రాశాను కాబట్టి, పదకొండు అన్న ఆ ముక్క నాకు నిద్రలో లేపి అడిగినా గుర్తే.

ఆ పొద్దున అన్నయ్య అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అభ్యర్థి ఓట్లు ముగిసేదాకా అక్కడే ఉండాలిట, కదలకూడదుట. మా వీధి పెద్దలందరూ మా అరుగు మీద చేరి, తాంబూలాలు పుచ్చుకుని, ఎనిమిదిన్నరకల్లా కలిసి బయల్దేరేటట్టు ఏర్పాటు. తొమ్మిది దాటాక వర్జ్యం వస్తుంది, ఈలోపే గడప దాటాలని పురోహితుడు గారు ముందురోజే పంచాంగం చూసి చెప్పారు. అంతా పద్ధతిగానే ఉంది. పెరటిగదిలో కూర్చుని చెవులు రిక్కించుకుని విన్నాను. నవ్వులు, చెప్పుల చప్పుడు, మా అమ్మ "దిగ్విజయంగా వెళ్ళిరండి" అనడం, ఆ తర్వాత వీధి సద్దుమణగడం. హమ్మయ్య అనుకున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు, మళ్ళీ అరుగు మీద మాటలు. అందరూ వెనక్కొచ్చేశారు!

వదిన తలుపు దగ్గరికొచ్చి సందులోంచి చెప్పింది. వీధి మలుపు తిరుగుతుంటే ఎవరో గట్టిగా తుమ్మారుట. ఒక్క తుమ్మే. ఇంత పెద్ద పని మీద వెళుతూ ఒంటితుమ్ము ఎలా దాటుతామని, వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూర్చున్నారుట. సరే, కూర్చున్నారు, మళ్ళీ లేవాలి కదా? లేవలేదు. అందరూ వంతులవారీగా కాళ్ళు కడుక్కునేసరికి తొమ్మిది దాటింది, వర్జ్యం వచ్చేసింది. ఆగకుండా వెళ్ళిపోయి ఉంటే బాధ లేదు, ముందే బయల్దేరినవాళ్ళే కదా. ఇంటికొచ్చి కూర్చున్నాక ఇక అది కొత్త ప్రయాణం కింద లెక్క. వర్జ్యంలో కొత్తగా గడప ఎవరు దాటతారు?

"ఎప్పుడు పోతుందిట వర్జ్యం?" అని అడిగాను.

"పదకొండుకి కాస్త ముందరట. పోగానే వెళ్ళిపోతారులే" అంది వదిన.

నా ఒళ్ళు మండిపోయింది. మా ఇంటి నుంచి మునిసిపల్ ఆఫీసుకి నడిచి వెళ్ళడానికే పావుగంట పడుతుంది. అందులోనూ ముసలివాళ్ళు. అక్కడికెళ్ళాక ఒక్కొక్కళ్ళే నిలబడి చెప్పాలి. నోటీసు సంగతి వాళ్ళకి గుర్తులేదా? నా చేత్తో రాసి పంపిన కాగితాలు చదివి ఏం చేశారు, పొయ్యిలో పెట్టారా? అమ్మతో చెప్పమని వదినని తరిమాను. వెళ్ళి, వెంటనే మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది. ఆడవాళ్ళం మనకెందుకమ్మా, పెద్దవాళ్ళకి తెలీదా అందిట అమ్మ. పోనీ నువ్వే అరుగు మీదకెళ్ళి చెప్పవే అన్నాను. ఆ పిల్లకి అప్పటికి పద్దెనిమిదేళ్ళు, మామగారి వయసు మగవాళ్ళ ముందు ఏనాడూ నోరు విప్పి ఎరగదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఈ గోడ నుంచి ఆ గోడకి ఐదడుగులు, మళ్ళీ ఐదడుగులు. కాసేపు కూర్చోబోతే ఒంట్లో చీమలు పాకినట్టుండేది. హాల్లో గోడ గడియారం తొమ్మిదిన్నరకి ఒక గంట కొట్టింది, చాలాసేపటికి పది కొట్టింది. అరుగు మీద ఎవరో తీరిగ్గా కథ చెబుతున్నారు, మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆ నవ్వు వింటుంటే గోడకేసి తల బాదుకోవాలనిపించింది. నా బడి అక్కడ కూర్చుని ఆకూ వక్కా నములుతోంది!

పదిన్నర కొట్టగానే వదిన చప్పుడు కాకుండా గొళ్ళెం తీసింది. తలుపు తెరిచి పక్కకి తప్పుకుంది.

గడప దాటితే వంటిల్లు, వంటిల్లు దాటితే హాలు, హాలు దాటితే అరుగు. వెళ్ళి "బాబాయిగారూ, లేవండి, పదకొండుకి తలుపులేస్తారు" అంటే సరిపోతుంది. ఆ మాత్రం ధైర్యం నాకుంది. కానీ నన్ను చూశాక వాళ్ళు లేస్తారా? లేవబోయేవాళ్ళు కూడా కూర్చుంటారు. బయల్దేరబోతుంటే విధవ ఎదురొచ్చిందని మళ్ళీ కాళ్ళు కడుక్కుంటారు. వెళ్ళండని చెప్పడానికి నేను వెళితే, నేను వెళ్ళడం మూలానే వాళ్ళు ఆగిపోతారు. వెళ్ళకపోతే ఎలాగూ ఆగే ఉన్నారు. గడప మీద కాలు పెట్టాను, తీశాను. మళ్ళీ పెట్టాను. అలా ఎన్నిసార్లు చేశానో నాకే తెలీదు. చివరికి గదిలోకే వచ్చి కూర్చున్నాను. వదిన మళ్ళీ గొళ్ళెం పెట్టింది. అలా వెనక్కొచ్చినందుకు ఈనాటికీ నా మీద నాకు కోపమే.

పదకొండుకి ఇంకా కాస్త ఉందనగా వాళ్ళు శుభ్రంగా లేచి, శకునం చూసుకుని మరీ బయల్దేరారు. వాళ్ళు వీధి దాటాక అమ్మ వచ్చి గొళ్ళెం తీసింది.

అన్నయ్య మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చాడు. వెనకాలే వీధి పెద్దలు. నేను హాలు తలుపు వెనక నిలబడి విన్నాను. వీళ్ళు వెళ్ళేసరికి ఆఫీసు తలుపులు వేసేశారుట. బతిమాలుకున్నా అధికారి ఒప్పుకోలేదుట. కలప వర్తకుడు మాత్రం తన మనుషులందరినీ ముందురోజు మంచి ఘడియలోనే ఇళ్ళ నుంచి కదిలించి, ఆఫీసు పక్కనున్న తన కలప అడితిలో భోజనాలు పెట్టి పడుకోబెట్టాడు. తుమ్ములూ వర్జ్యాలూ ఆయనకీ ఉన్నాయి, కాకపోతే ముందుచూపు కూడా ఉంది. అన్నయ్య పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. తలుపు బయట నిలబడిపోయిన మావాళ్ళు పద్దెనిమిది మంది.

అందరూ వచ్చి కూర్చున్నారు. తర్వాత ఓ పెద్దాయన మెల్లిగా మొదలెట్టాడు. ఒంటితుమ్ము ఊరికే రాదు, బయల్దేరేటప్పుడు ఏదో కంటపడి ఉంటుంది, పెరటి కిటికీలోంచి ఎవరో తొంగిచూసినట్టనిపించింది తనకి అన్నాడు. పెరటి కిటికీ బావి వైపుంటుంది, వీధిలోకి కాకి కూడా దాంట్లోంచి చూడలేదు. అయినా మా అమ్మ గుండెలు బాదుకుని ఏడుపు లంకించుకుంది. నేను తలుపు వెనక పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

అన్నయ్య లేచాడు. ఆయన గొంతు అలా ఖంగుమనడం నేనెప్పుడూ వినలేదు. చదువుకున్నవాళ్ళు ఇలాంటి మాటలంటే సిగ్గుపడాలన్నాడు. ఓడింది వాళ్ళ మూఢత్వం వల్ల, ఇందులో ఓ ఆడకూతుర్ని అనడానికి నోరెలా వచ్చిందన్నాడు. ఒక్కొక్కళ్ళే కండువాలు దులుపుకుని వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. వార్డు పోతే పోయింది, బడి పోతే పోయింది, అన్నయ్య నాకున్నాడు, అది చాలనుకున్నాను.

ఇల్లు సద్దుమణిగాక ఆయన నా గది దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు. నువ్వు బయటికి రాలేదు కదా?"

"రాలేదన్నయ్యా."

"అమ్మయ్య" అన్నాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే తేలికపడ్డాడు. అప్పుడింక నా నోరాగలేదు.

"గెలిచుంటే నేను రోజూ బడికి వెళ్ళాలి కదా అన్నయ్యా. పొద్దున్నే, అందరూ పనుల మీద బయల్దేరే వేళ. నువ్వూ కోర్టుకి బయల్దేరే వేళ. ఏ దారిన వెళ్ళమనేవాడివి నన్ను?" అన్నాను.

కోర్టులో ఎంతటివాడినైనా నిలబెట్టి జవాబు చెప్పించే మనిషి. గుమ్మం పట్టుకుని, అన్నం తిన్నావా అని అడిగాడు.