బిస్మిల్లా నాడు గిల్లాను

నా కూతురికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన రోజున నరసరావుపేటలో మా ఇంట్లోనే బిస్మిల్లా జరిపించాం. మాలో బిడ్డ చదువుకు అదే మొదలు. పెద్దవాళ్లు ఖురాన్‌లోని ఒక్కో మాట చెబుతుంటే బిడ్డ తిరిగి పలకాలి. మహా అయితే ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాల కోసం నెల రోజులు ఆ మాటలే వల్లె వేయించి దాని ప్రాణం తీశాను. కారణం దాచను. మా పుట్టింట్లో తెలుగే మాట్లాడతాం, ఉర్దూ రాదు. మాచర్ల నుంచి వచ్చే అత్తగారి తరఫువాళ్లు నన్నెప్పుడూ ఒక మెట్టు కిందే చూస్తారు. నా కూతురు గడగడా చెబితే వాళ్ల నోళ్లు మూతపడాలని నా పంతం.

తీరా ఆ రోజు జరీ గౌను తొడిగి, పూలదండ వేసి కూర్చోబెడితే అది పెదవి కదపలేదు. మా వీధి పిల్లలకు అరబీ నేర్పే పెద్దావిడను మేమంతా ఖాలా అంటాం. ఆవిడ మూడుసార్లు మెల్లగా చెప్పి చూసింది. ఊహూఁ.

"తల్లికొస్తే గదా బిడ్డకొచ్చేది!" అని వెనక ఎవరో అననే అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పైట చాటున దాని తొడ గట్టిగా గిల్లాను. అది కెవ్వుమని, ఏడుస్తూనే మొత్తం అప్పజెప్పింది. అందరూ మాషా అల్లా అన్నారు. లడ్డూలు పంచుతూ నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మర్నాటి నుంచి అది పుస్తకం కనబడితే చాలు, మంచం కిందికి దూరేది. అంగన్‌వాడీలో నేర్చుకున్న పాటలు కూడా మానేసింది. వారం చూసి, ఇక దీనికి చదువే అబ్బదేమోనని హడలిపోయి ఖాలా దగ్గరకు పరిగెత్తాను.

"దీని నఫ్స్ చానా మొండిది ఖాలా. కాస్త వంచాలేమో," అన్నాను. నఫ్స్ అంటే మన లోపలి 'నేను'. దాన్ని అదుపులో పెట్టుకోవాలని వింటూ పెరిగినదాన్ని.

ఖాలా చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాలుగేళ్ల పిల్లకి వంచాల్సిందేముందే? ఏ బిడ్డయినా ఫిత్రత్ మీద పుడుద్ది. అల్లా ఇచ్చిన తీరు అది, ఏ వంకరా ఉండదు. ఆ రోజు నీ చెయ్యి పైట కిందికి పోవడం నేను చూశాలే. గిల్లింది నీ నఫ్సు. ముందు దాన్ని వంచు."

"మరి ఇది మళ్లీ చదువుద్దా ఖాలా?"

"నాకేం తెలుసు? దాన్నే అడుగు. అడిగేముందు మాఫీ అడుగు."

ఇంటికొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. కడుపున పుట్టినదాన్ని క్షమించమనడానికి నోరు పెగల్లేదు, అంత పొగరు నాది. చివరికి అడిగాను. మంచం కింద నుంచి, "నువ్వు చెప్పు ముందు. నేను వింటా," అని వినబడింది.

మొదలుపెట్టాను. రోజూ అనే మాటలే. ఏడుపు అడ్డొచ్చి రెండో మాట దగ్గరే ఆగిపోయాను. అది బయటికొచ్చి, నా ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చుంది. నాకు మాట వచ్చేదాకా అలాగే ఎదురుచూసింది.