మా ఆయన నీటి గీతలు

మా ఆయన నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమోనని భయం. ముప్పై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీ మిషన్ల హోరులో పనిచేసి, మాట్లాడి లాభం లేదని తేల్చుకున్నట్టున్నాడు. నేను కుట్టుమిషన్ తొక్కుతూ గంటసేపు తిడితే చివర్లో "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"కి నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. మా వీధి చివర సముద్రం. ఏటా పెద్ద పోటుకి నీళ్లు ఇళ్లదాకా వస్తాయి. నీళ్లు తీశాక అందరూ బురద ఎత్తుకుంటుంటే, ఈయన నల్లరంగు డబ్బా పట్టుకుని ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ గోడ దగ్గరికి పోయేవాడు. తడి ఎంతదాకా ఎక్కిందో అక్కడ ఒక గీత, పక్కన సంవత్సరం. మొదటిది చీలమండ ఎత్తులో, నిరుటిది మోకాలు దాటి. మొత్తం ఇరవై రెండు. వీధిలో అందరూ "గీతల బాబాయ్" అని పిలుస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

పోయిన నెల కంటి ఆపరేషన్‌కి తమ్ముడితో పక్క ఊరు వెళ్లాడు. సరిగ్గా ఆ వారమే దిగారు, సముద్రాన్ని కాపాడే పిల్లలు. ఇరవైమంది, నెత్తిన ఒకే రంగు టోపీలు. గోడంతా తాబేళ్లు, తిమింగలాలు వేసి జనానికి బుద్ధి చెబుతారట. వాళ్లలో పెద్దమ్మాయి, మంచి పిల్లే, నా దగ్గరికొచ్చి ఆ నల్ల గీతలేంటి, ఉంచాలా అని అడిగింది.

"పిచ్చి గీతలమ్మా. శుభ్రంగా గీకెయ్యండి," అన్నాను. గీకడానికి ఇనప రేకు కూడా నేనే ఇచ్చాను.

గీకి, లప్పం పెట్టి, తెల్లరంగు రెండు పూతలు వేశారు. వీధి పిల్లలు చేపలు వేశారు. పెద్ద తాబేలు వీపుకి ఆకుపచ్చ నేను వేశాను. పుట్టి బుద్ధెరిగాక బ్రష్షు పట్టడం అదే మొదలు. అబద్ధమెందుకు, భలే సంతోషమేసింది. ఫోన్లో పన్నెండు ఫొటోలు తీసుకున్నాను.

ఆయన నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చాడు. గోడ ముందు నిలబడ్డాడు. మెచ్చుకుంటాడేమోనని నేను గుమ్మంలో నవ్వు మొహం పెట్టుకుని ఉన్నాను. "గీతలేవీ?" అన్నాడు.

ఏడాదిలో మాట్లాడినదాని కంటే ఎక్కువ ఆ పూట మాట్లాడాడు. సముద్రానికి అడ్డంగా వేస్తున్న రాతికట్ట మా వీధికి ముందున్న వీధితోనే ఆగిపోతుందట. మా వీధి జాబితాలో లేదు. నీళ్లు ఏటా పైకెక్కుతున్నట్టు రుజువుంటే మా వీధినీ కలపమని రాస్తానన్నాడట ఇంజనీరు. సోమవారం టేపు పట్టుకుని గీతలు కొలవడానికే వస్తున్నాడట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ టోపీ పిల్లకి ఫోన్ చేశాను. తెల్లరంగు వేశాక తీసిన ఫొటోలే ఉన్నాయంది, ఏడుపు గొంతుతో. బ్లేడు పెట్టి తాబేలు వీపు గీకాను. రంగు కింద లప్పం, లప్పం కింద ఉత్త ఇటుక. నన్ను నేను తిట్టుకోవడానికి తిట్లు చాల్లేదు.

సోమవారం ఇంజనీరు వచ్చాడు. మా ఆయన తిమింగలం మీద వేలు పెట్టి, ఈ ఏడు ఇక్కడిదాకా, ఆ ఏడు అక్కడిదాకా అని జ్ఞాపకం మీద చూపించాడు. అతను టేపు బయటికి తియ్యనే లేదు.

"నేను నమ్ముతానండీ. పైవాళ్లు నమ్మాలిగా," అన్నాడు.

ఎవరు చెరిపారని అడిగితే మా ఆయన నేలచూపులు చూశాడు. నేనే గీకించానని నేనే చెప్పాను. అతను ఇంకేం అడగకుండా కాగితాలు మడుచుకుని వెళ్లిపోయాడు. కట్ట ముందు వీధితోనే ఆగుతుంది.

సాయంత్రం ఉండబట్టలేకపోయాను. తప్పు నాదే, అయినా నోరు ఊరుకుంటుందా?

"ఇంజనీరు సంగతి నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ గోడకి కాపలా కాసేదాన్ని కదండీ. పెళ్లానికి చెప్పకూడనంత రహస్యమా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు. అదే నన్ను చంపేసింది.

"ఇన్నేళ్లలో, ఎందుకు గీస్తున్నానని నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. తిట్టాను గానీ అడగలేదు.